యాక్సెప్ట్ అయిన పేపర్ ఎక్కడికి పోతుంది?

పోయిన సంచికలో పరిశోధన పత్రాల గురించి ఒక చిన్న జవాబు రాశాను. ఇక చూడండి, బరంపురం నుంచి జయపురం దాకా పీహెచ్‌డీలు చేస్తున్నవాళ్లంతా ఒక్కసారిగా కలం పట్టారు. చెన్నైలో విదేశీ జర్నల్స్‌కి కాపీ ఎడిటింగ్ చేసే ఆఫీసులో చాలాకాలం పనిచేసి, ఇప్పుడు బరంపురంలో ఇంటి దగ్గర కూర్చుని అదే పని చేసుకుంటున్నాను కాబట్టి నాకూ ఇవి ఇష్టమైన ప్రశ్నలే. మొదటి జవాబు పొడుగైంది. ఓపిక పట్టండి.

ప్రశ్న: మేడమ్, గజపతి జిల్లా కొండల్లో సవర రైతులు పండించే చోళ్ల (రాగుల) రకాల మీద నేను రాసిన పేపర్‌ని ఒక విదేశీ జర్నల్ తీసుకుంది. యాక్సెప్ట్ అయిందని మెయిల్ వచ్చి మూడు వారాలు దాటింది. మధ్యలో ఒక ఫారం పంపారు. కాపీరైట్ రాసివ్వాలట, లేదంటే ఓపెన్ యాక్సెస్ కోసం వేల డాలర్లు కట్టాలట. ఏం చెయ్యాలో తెలీక దాన్ని పక్కన పెట్టాను. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. ఒకటే టెన్షన్. ఎక్కడైనా ఆగిపోయిందంటారా?
– రీసెర్చ్ స్కాలర్, పర్లాకిమిడి

జవాబు: ఆగింది బాబూ, మీ దగ్గరే. ఆ ఫారం వెళ్తే గానీ చాలా జర్నల్స్‌లో పని ముందుకు సాగదు. వాళ్లు మీ సంతకం కోసం చూస్తున్నారు, మీరు వాళ్ల మెయిల్ కోసం చూస్తున్నారు.

మీ పేపర్ బాగుందని ఒప్పుకున్నది ఎడిటర్. ఆయన ఏదో యూనివర్సిటీలో పాఠాలు చెప్పుకునే ప్రొఫెసర్. ఒప్పుకోవడంతో ఆయన పని దాదాపు అయిపోయినట్టే. అక్కణ్నుంచి ఫైళ్లు పబ్లిషర్ ప్రొడక్షన్ విభాగానికి పోతాయి. పెద్ద పబ్లిషర్లు చాలామంది ఆ పనిని మన చెన్నై, పుదుచ్చేరి కంపెనీలకే అప్పజెబుతారు. పర్లాకిమిడి నుంచి యూరప్ వెళ్లిన మీ చోళ్లు మళ్లీ కోరమాండల్ తీరానికే దిగి ఉంటే ఆశ్చర్యం లేదు.

ఫారం సంగతి. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కూడా హక్కులు ఇంకొకరికి రాసివ్వాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. అందుకే ఈ తతంగం. మామూలు చందా పద్ధతిలో అయితే కాపీరైట్ పబ్లిషర్‌కి రాసిస్తారు, లేదా కాపీరైట్ మీరే ఉంచుకుని ప్రచురించే హక్కు మాత్రం ఇస్తారు. చదివేవాళ్ల లైబ్రరీ డబ్బు కడుతుంది, మీరు కట్టక్కర్లేదు. ఓపెన్ యాక్సెస్ అయితే ఎవరైనా ఊరికే చదువుకోవచ్చు, కానీ ఆ రుసుము సాధారణంగా రచయిత వైపు నుంచి రావాలి. మీకు రెండూ ఇచ్చారంటే అది హైబ్రిడ్ జర్నల్. అలాంటి చోట డాలర్ల గడి పేజీ నడినెత్తిన ఉంటుంది, ‘నాకు అక్కర్లేదు’ అనే గడి కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. వెతికి దాని మీదే టిక్ పెట్టండి. ఫెలోషిప్ డబ్బుల మీద బతికేవాళ్లు అక్కర్లేదు అనడంలో నామోషీ ఏమీ లేదు. పేపర్ వెనక్కి రాదు, వరసలో వెనక పడదు. పూర్తిగా ఓపెన్ యాక్సెస్‌లో నడిచే జర్నల్ అయితే మాత్రం ఈ వెసులుబాటు ఉండదు. అక్కడ ఫీజు మాఫీ కావాలంటే పేపర్ పంపేటప్పుడే అడగాలి, యాక్సెప్ట్ అయ్యాక అడిగితే చాలాచోట్ల వినరు. సంతకం మీరొక్కరే పెట్టినా మిగతా రచయితల తరఫున కూడా పెడుతున్నట్టే, కాబట్టి ముందు వాళ్లకి చూపించండి.

ఫారం వెళ్లాక పేపర్ మాలాంటి కాపీ ఎడిటర్ల చేతిలో పడుతుంది. భాష సరిచేస్తాం, జర్నల్ పద్ధతికి తెస్తాం. చోళ్ల శాస్త్రనామం ‘ఎల్యూసిన్ కొరకానా’ వాలు అక్షరాల్లో ఉందా, పట్టిక 3 ప్రస్తావన వ్యాసంలో ఎక్కడైనా వచ్చిందా, 14వ రిఫరెన్సు చివరి జాబితాలో ఉండి లోపల మాయమైందా, ఇలాంటివన్నీ చూస్తాం. చోళ్ల గురించి మాత్రం మాకు అంబలి రుచి తప్ప ఏమీ తెలీదు. హెక్టారుకి 12.5 క్వింటాళ్లు అని ఉండాల్సిన చోట 125 అని ఉంటే మా కన్ను దాన్ని దాటి పోవచ్చు. పేపర్ తీసుకోవచ్చా లేదా అని చదివి చెప్పే రివ్యూయర్ల పని ఎప్పుడో అయిపోయింది. ఎడిటర్ మళ్లీ అక్షరం అక్షరం చదవరు. ఇక్కణ్నుంచి ఆ కాగితాలు చూసేవాళ్లలో విషయం తెలిసిన మనిషి మీరొక్కరే. నేను ఈ మాట ప్రతి స్కాలర్‌కీ చెబుతాను, సగం మంది నమ్మరు.

ఆ పైన మీ వర్డ్ ఫైలు ఎక్స్‌ఎంఎల్ రూపంలోకి మారుతుంది. ఇది శీర్షిక, ఇది ఇంటిపేరు, ఇది ఊరు, ఇది రిఫరెన్సులో సంవత్సరం అని ప్రతి ముక్కకీ చీటీ అంటిస్తారు. ఇందుకు ఎక్కువమంది వాడే పద్ధతి జాట్స్, 2012 నుంచి అది అమెరికన్ ప్రమాణం. మీరు చూసే పీడీఎఫ్, వెబ్ పేజీ రెండూ సాధారణంగా ఆ ఫైల్లోంచే పుడతాయి. చీటీ తప్పు అంటితే ఏమవుతుందో రెండో ఉత్తరంలో చదవండి.

అప్పుడొస్తుంది ప్రూఫ్, అంటే అచ్చుకి ముందు మీరు సరిచూడటానికి పంపే ప్రతి. మెయిల్లో 48 గంటలనో 72 గంటలనో గడువు ఉంటుంది. మీరు కొండ మీద ఊళ్లలో తిరుగుతుంటే సిగ్నల్ దొరకదు కదా, ఫలానా తేదీల్లో అందుబాటులో ఉండనని ప్రొడక్షన్ వాళ్లకి ఇప్పుడే రాసి పెట్టండి. ముందే చెబితే గడువు పొడిగిస్తారు. స్పామ్ ఫోల్డర్ కూడా చూస్తుండండి, ప్రూఫులు మగ్గేది అక్కడే.

ప్రూఫ్‌లో వరసల పక్కన నంబర్లు, మధ్య మధ్యలో ఏక్యూ1, ఏక్యూ2 అని గుర్తులు ఉంటాయి. అవి రచయితకి మేం వేసే ప్రశ్నలు. మొదటిది దాదాపు ఎప్పుడూ ఒకటే, రచయితల పేర్లు, ఇంటిపేర్లు సరిగ్గా గుర్తించామా అని. తర్వాత ఏ నాలుగోదో ఇలా ఉంటుంది: ‘పట్టిక 2లో ఐదో వరస శాతాలు కూడితే 100 రావడం లేదు, 98.7 వస్తోంది. దయచేసి సరిచూడండి.’ దీనికి ‘ఓకే’ అని జవాబు రాసి పంపే మహానుభావులు ఉన్నారు. ఏది ఓకే? 100 ఓకేనా, 98.7 ఓకేనా? ఇక్కడ మా చేతుల్లో ఏమీ ఉండదు, ఉన్నది ఉన్నట్టు అచ్చుకి పోతుంది.

పట్టికలు ఒక్కరే చూసుకోకండి. ఒక స్నేహితుణ్ని కూర్చోబెట్టండి. అతను మీ అసలు ఫైలు పైకి చదవాలి: ‘పన్నెండు పాయింట్ ఐదు, ప్లస్ ఆర్ మైనస్ సున్నా పాయింట్ నాలుగు.’ మీరు ప్రూఫ్‌లో ఆ అంకె మీద వేలు పెట్టాలి. విసుగొచ్చే పనే గానీ అరగంటలో తేలిపోతుంది. మైనస్ గుర్తు వరస చివర విరిగి, అంకె కింది వరసలోకి జారిందేమో చూడండి. మైక్రోగ్రాముకి వాడే గ్రీకు అక్షరం ‘మ్యూ’ ఫాంటు మారినప్పుడు మామూలు ‘ఎమ్’గా మారిపోతుంటుంది. అప్పుడది మిల్లీగ్రాము, అంటే వెయ్యి రెట్లు. మీ చోళ్లలో ఇనుము ఎంతుందో చెప్పే పట్టికలో ఇలా జరిగితే ఎంత నవ్వులపాటో ఆలోచించండి. సవర పేర్లకి ఉచ్చారణ గుర్తులు పెట్టి ఉంటే వాటినీ ఒక్కొక్కటిగా చూడండి, ఫాంటులో లేని గుర్తు ఖాళీ గడిగా పడుతుంది. గిడుగు రామమూర్తి గారు సవర పలుకుబడిని కాగితం మీదికి ఎక్కించడానికి అన్నేళ్లు కష్టపడ్డ ఊరు మీది. అక్కణ్నుంచి వెళ్లిన పేపర్లో గళ్లు పడితే బాగోదు.

ప్రూఫ్ తిరిగి వెళ్లాక దిద్దుబాట్లు ఎక్కించి ఆన్‌లైన్‌లో పెడతారు. 10తో మొదలయ్యే డీఓఐ నంబరు మీ పేపర్‌కి శాశ్వత చిరునామా. 2000లో మొదలైన క్రాస్‌రెఫ్ లాంటి సంస్థ దగ్గర పబ్లిషర్ దాన్ని నమోదు చేస్తాడు. రేపు జర్నల్ ఇంకో పబ్లిషర్ చేతికి పోయినా ఆ నంబరు కొడితే మీ పేపరే రావాలి, దాని ఉద్దేశం అదీ. మొదటి రోజు లింకు తెరుచుకోకపోతే కంగారు పడకండి. సంపుటం, సంచిక నంబర్లు నెలల తర్వాత రావచ్చు. పేజీ నంబర్ల బదులు వ్యాసానికి ఒకే నంబరు ఇచ్చే జర్నల్స్ కూడా ఇప్పుడు చాలా ఉన్నాయి. పేపర్ల వివరాలు వెతుక్కునే స్కోపస్ సూచికలో కనబడటానికి ఇంకొన్ని వారాలు పడుతుంది.

ఆన్‌లైన్‌కి ఎక్కాక తప్పు కనబడితే? గుట్టుగా చెరిపి దిద్దరు. సవరణ అని వేరే నోటు వేస్తారు, దానికో డీఓఐ, మీ పేపర్ పక్కన దానికో లింకు. అందుకే ఆ అరగంట.

ప్రశ్న: మేడమ్ గారూ, నా పేపర్లు ఇంటర్నెట్‌లో ఇద్దరు మనుషుల పేర్ల కింద కనబడుతున్నాయి. ఒకచోట నా ఇంటిపేరుతో, ఇంకోచోట నా పేరే ఇంటిపేరు అన్నట్టు. పైగా ఒక పేపర్లో నేను చదివిన బరంపురాన్ని పశ్చిమ బెంగాల్లో పడేశారు. ఎవరితో చెప్పుకోవాలి?
– లెక్చరర్, రాయగడ

జవాబు: ఈ బాధ మన తెలుగువాళ్లందరిదీ అమ్మా. మీ స్టాఫ్‌రూమ్‌లో పక్క కుర్చీలో కూర్చునే ఒడియా సహోద్యోగులకి ఇది ఉండదు, సాహు గానీ, పాఢి గానీ, వాళ్ల ఇంటిపేరు చివరే ఉంటుంది. మనం ముందు రాస్తాం. చీటీలు అంటించే మనిషి చివరి మాటని ఇంటిపేరు గడిలో వేసి పోతుంది. గేదెల లక్ష్మి అనే పేరు ఉందనుకోండి. ఇంటిపేరు గడిలో లక్ష్మి, రెండో గడిలో గేదెల పడతాయి. ఇక లోకంలో ఎవరు మీ పేపర్‌ని ఉదహరించినా ‘లక్ష్మి జి.’ అనే రాస్తారు. ఇంకో జర్నల్లో సరిగ్గా పడి ‘గేదెల ఎల్.’ అవుతారు. కంప్యూటర్ దృష్టిలో వీళ్లిద్దరికీ బంధుత్వం కూడా లేదు.

ప్రూఫ్‌లో ఏక్యూ1 వేసేది దీనికోసమే. చాలాచోట్ల పేర్లలో ఇంటిపేరు ఒక రంగులో, మిగతాది ఇంకో రంగులో చూపిస్తారు. అది చూడకుండా దాటొద్దు. పేపర్ పంపేటప్పుడు నింపే ఫారంలోనూ రెండు గళ్లుంటాయి, అక్కణ్నుంచే జాగ్రత్త పడాలి. మీ పేరు ఎలా రాయాలో ఒకసారి తేల్చుకుని ఇక రిటైరయ్యేదాకా అలాగే రాయండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్నా పేపర్ల మీద పాతదే ఉంచుకునేవాళ్లు చాలామంది. పరిశోధకులకిచ్చే గుర్తింపు సంఖ్య, ఆర్కిడ్ నంబరు, మీకు లేకపోతే ఈ రోజే తీసుకోండి. 2012లో మొదలైంది, 16 అంకెలుంటాయి, పైసా ఖర్చు లేదు. పేరు ఎన్ని రకాలుగా పడినా అన్ని పేపర్లనీ ఆ నంబరు కింద చేర్చుకోవచ్చు. గూగుల్ స్కాలర్‌లో కూడా మీ ప్రొఫైల్ పెట్టుకుని, తప్పిపోయినవాటిని మీరే కలుపుకోవచ్చు.

బరంపురం గొడవ ఇంకో రకం. ముర్షిదాబాద్ జిల్లాలో ఉన్న ఊరి పేరు ఇంగ్లిష్‌లో మన ఊరి పేరుకి చాలా దగ్గర, చివరి అక్షరాలే తేడా. పైగా మనదాన్ని బ్రహ్మపుర్ అని కూడా రాస్తారు. కాబట్టి ఊరి పేరు ఒక్కటే రాసి ఊరుకోకండి. గంజాం జిల్లా, ఒడిశా, పిన్‌కోడు, ఇవన్నీ ఉండాలి. ‘ఒరిస్సా’ అని ఇప్పటికీ రాస్తున్నారు కొందరు. పేరు 2011లోనే మారింది.

అచ్చయిపోయిన పేపర్‌కి జర్నల్ ప్రొడక్షన్ వాళ్లకి రాయండి. చీటీ వాళ్లే తప్పు అంటించి ఉంటే, క్రాస్‌రెఫ్‌లో ఉన్న వివరాలు దిద్దడానికి సాధారణంగా పేచీ పెట్టరు.

ప్రశ్న: పేపర్ యాక్సెప్ట్ అయింది. ఇప్పుడు మా డిపార్ట్‌మెంట్ పెద్దాయన తన పేరు కూడా కలపమంటున్నారు. ప్రూఫ్‌లో కలిపేస్తే ఎవరికి తెలుస్తుంది అంటున్నారు.
– పేరు వద్దన్నారు, జయపురం

జవాబు: ఎడిటర్‌కి తెలుస్తుంది. ప్రూఫ్‌లో కొత్త పేరు కనబడగానే మేం పని ఆపి వెనక్కి పంపుతాం, అది మా రూలు. యాక్సెప్ట్ అయ్యాక పేరు కలపాలన్నా, తీసెయ్యాలన్నా కారణం రాసి, రచయితలందరి ఒప్పుదలతో ఎడిటర్‌కి పంపాలి. డబ్బు తీసుకుని రచయితల పేర్లు అమ్మే ముఠాలు పెరిగాయి కాబట్టి ఎడిటర్లు అనుమానంగా చూసే మొదటి విషయం ఇదే. పేపర్ మొత్తం ఆగిపోవచ్చు.

వైద్య జర్నల్స్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ రాసుకున్న కొలమానాన్ని మిగతా శాస్త్రాల జర్నల్స్ కూడా చాలావరకు అనుసరిస్తాయి. పనిలో చెప్పుకోదగ్గ పాలు ఉండాలి, రాయడంలోనో దిద్దడంలోనో చెయ్యి ఉండాలి, చివరి ప్రతిని చూసి ఒప్పుకుని ఉండాలి, రేపు ఎవరైనా నిలదీస్తే జవాబు చెప్పాలి. నాలుగూ ఉండాలి, ఒకటి చాలదు. గది తాళం ఇచ్చినందుకూ, సంతకం పెట్టినందుకూ కృతజ్ఞతల్లో పేరు వెయ్యొచ్చు. పేరు మార్పు ఫారంలో ‘ఈ రచయిత చేసిన పని ఏమిటి’ అనే గడి ఉంటుంది. ఆ గడి మీరే నింపండి సార్ అని వినయంగా ఆయన చేతికివ్వండి.

ప్రశ్న: అమ్మా, మా అమ్మాయి పేపర్ పంపిన నాలుగో రోజుకే యాక్సెప్ట్ అయిందని వాట్సాప్ వచ్చింది. 24 గంటల్లో 6,500 రూపాయలు యూపీఐ చెయ్యమన్నారు. యూజీసీ కేర్ జాబితాలో ఉన్న జర్నల్ అట, ఐఎస్‌ఎస్‌ఎన్ కూడా ఉందట. పీహెచ్‌డీకి పేపర్ తప్పదు అంటోంది. కట్టమంటారా?
– బ్యాంకు ఉద్యోగి, బరంపురం

జవాబు: కట్టకండి.

నాలుగు రోజుల్లో పేపర్‌ని ఎవరూ చదివి ఉండరు మాస్టారూ. నమ్మదగ్గ జర్నల్స్ ఇవీ అని పెట్టిన కేర్ జాబితాని యూజీసీ 2025 ఫిబ్రవరిలోనే ఎత్తేసింది, ఇంకా ఆ పేరు చెప్పి వసూలు చేస్తున్నారంటేనే అర్థం చేసుకోవచ్చు. ఐఎస్‌ఎస్‌ఎన్ అంటే జర్నల్‌కిచ్చే గుర్తింపు నంబరు, బండి నంబరు ప్లేటు లాంటిది, ఏ బండో చెబుతుంది గానీ బ్రేకులు పనిచేస్తాయో లేదో చెప్పదు. పీహెచ్‌డీ సంగతికొస్తే, థీసిస్ ఇచ్చేముందు పేపర్ అచ్చు కావాలన్న షరతుని యూజీసీ 2022 నిబంధనల్లో తీసేసింది. యూనివర్సిటీ సొంతంగా పెట్టుకుని ఉండొచ్చు, అది ఆఫీసులో రాతలో అడిగి తెలుసుకోమనండి.

ఇప్పుడు చెయ్యాల్సిన పని ఒకటుంది. కాపీరైట్ ఫారం మీద సంతకం పెట్టకుండా, పేపర్ వెనక్కి తీసుకుంటున్నానని అమ్మాయి చేత మెయిల్ పెట్టించండి. ఆ మెయిల్ దాచండి. లేకపోతే డబ్బు కట్టకపోయినా వాళ్లు సైట్‌లో పడేస్తారు, అప్పుడు మంచి జర్నల్ ఏదీ దాన్ని తీసుకోదు. వెనక్కి తీసుకోవడానికి కూడా ఫీజు అడుగుతారు కొందరు. అదీ కట్టొద్దు. మంచి ఓపెన్ యాక్సెస్ జర్నల్స్ కూడా డబ్బు తీసుకుంటాయి, కానీ ఆ రేటు పేపర్ పంపకముందే వాళ్ల సైట్‌లో కనబడుతుంది, ఎవరిదో సొంత ఫోన్ నంబరుకి పంపమనరు. 2003 నుంచి నడుస్తున్న డీఓఏజే అనే ఓపెన్ యాక్సెస్ జర్నల్స్ జాబితాలో పేరు ఉందో లేదో చూడమనండి. రచయిత దగ్గర ఏమీ తీసుకోని జర్నల్స్‌ని విడిగా ఏరి చూసే సదుపాయం కూడా అందులో ఉంది.

ప్రశ్న: ఇంటర్వ్యూ ఉంది. ఇంకా అచ్చు కాని పేపర్‌ని రెజ్యూమేలో ఎలా చూపించాలి? అచ్చయ్యాక పీడీఎఫ్ పరిశోధకులు పేపర్లు పంచుకునే రీసెర్చ్‌గేట్ సైట్‌లో పెట్టొచ్చా?
– గుణుపురం నుంచి ఒక పాఠకుడు

జవాబు: యాక్సెప్ట్ అయ్యాక ‘అచ్చులో ఉంది’ అని రాయండి, మెయిల్ ప్రింటు జత చెయ్యండి. డీఓఐ వచ్చాక ఆ నంబరు వేస్తే చాలు. పంపి ఊరుకున్న పేపర్‌ని మాత్రం ఆ మాటతో రాయకండి, బోర్డులో ఒక్కరైనా అడుగుతారు.

మీ పేపర్‌కి మూడు రూపాలు ఉన్నాయి. మొదట పంపింది ప్రీప్రింట్. దాన్ని ఆర్కైవ్ అనే ప్రీప్రింట్ల సైట్ లాంటి చోట పెట్టుకోనిచ్చే జర్నల్స్ ఎక్కువే, ఫిజిక్స్ వాళ్లు 1991 నుంచి అదే చేస్తున్నారు. రివ్యూ తర్వాత దిద్దిన వర్డ్ ఫైలు రెండోది. దాన్ని యూనివర్సిటీ రిపాజిటరీలో, అంటే పేపర్లు దాచే ఆన్‌లైన్ భండారంలో, పెట్టుకోనిస్తారు, కొన్నిసార్లు ఏడాది అటూ ఇటూ ఆగమంటారు. పబ్లిషర్ లోగోతో ఉన్న అందమైన పీడీఎఫ్ మూడోది. చందా జర్నల్ అయితే దాన్ని అందరికీ కనబడేలా పెట్టడానికి సాధారణంగా ఒప్పుకోరు. మీ ఫారంలో ఏముందో చదవండి, సంతకం పెట్టింది మీరే కదా. ఎవరైనా మెయిల్ చేసి అడిగితే ఒక ప్రతి పంపడం ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ, దానికి ఎవరూ ఏమీ అనరు. ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం 2025 జనవరిలో మొదలయ్యాక ప్రభుత్వ యూనివర్సిటీలు, కాలేజీల్లో 30 పబ్లిషర్ల జర్నల్స్, 13,000 దాకా, చదువుకునే వీలుంది. మీ లైబ్రేరియన్‌ని అడగండి. ఈ సంగతి తెలియని డిపార్ట్‌మెంట్లు ఇంకా ఉన్నాయి.

ప్రశ్న: అచ్చు పుస్తకం ఇంటికి పంపుతారా? మా నాన్నగారు రోజూ అడుగుతున్నారు.
– పాఠకురాలు, బరంపురం

జవాబు: పంపరమ్మా. ఒకప్పుడు మీ వ్యాసం ఒక్కటే విడిగా అచ్చేసిన ప్రతులు, ఆఫ్‌ప్రింట్లు, పాతిక పోస్టులో వచ్చే అలవాటు ఉండేది. ఇప్పుడు చాలా జర్నల్స్ అచ్చే వెయ్యడం లేదు. వేసేవాటిలో కొన్ని ఆఫ్‌ప్రింట్లు అమ్ముతాయి, ధర చూస్తే నాన్నగారే వద్దంటారు. పీడీఎఫ్ తీసుకెళ్లి మంచి కాగితం మీద కలర్ ప్రింటు తీయించండి, అచ్చం అలాగే ఉంటుంది. ప్రూఫ్‌తో వచ్చే ఫారంలో ‘అచ్చులో బొమ్మలు రంగుల్లో కావాలా’ అనే గడి ఉంటే దాని జోలికి మాత్రం పోకండి. ఆన్‌లైన్‌లో రంగులు ఊరికే వస్తాయి, అచ్చులో రంగులకి బొమ్మకింత అని బిల్లు వేస్తారు.